బ్రేకింగ్ న్యూస్ వచ్చింది: ‘ఎందుకు చేశాడు’ అని తేల్చే ముందు ఏం చేయాలి?

నెలకు రెండుసార్లైనా నాకు ఈ ప్రశ్న వస్తుంది. “సార్, టీవీలో చూపిస్తున్నారు, గ్రూపులోనూ వచ్చింది, అందరూ అదే అంటున్నారు. నమ్మాలా, ఆగాలా? ఆగితే ఎంతసేపు?” పద్నాలుగేళ్లు ఒక పేపర్ డెస్క్‌లో పనిచేశాను కాబట్టి నాకేదో కిటుకు తెలుసని వాళ్ల నమ్మకం. కిటుకు ఉంది. కాకపోతే నేర్చుకున్నది డెస్క్‌లో కాదు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో.

తార్నాకలో మేముండే బిల్డింగ్‌లో ఒక రాత్రి రెండింటి ప్రాంతంలో మూడు బండ్లు కాలిపోయాయి. తెల్లారేసరికి గ్రూపులో ఎనభై మెసేజ్‌లు. అంతకు పది రోజుల ముందే వాచ్‌మన్‌ను మాన్పించాం, చివరి నెల జీతంలో కొంత పట్టుకున్నాం. గేటు దగ్గరి సీసీ కెమెరాలో 2:10కి ఒక మనిషి లోపలికి వస్తూ కనిపించాడు. మొహం సరిగ్గా లేదు. “జీతం ఆపారుగా, ఆ కక్షతోనే” అని మొదట రాసింది నేనే. పోలీసులు వాచ్‌మన్‌ను పిలిపించి ఒక పూటంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. మూడో రోజు తేలిందేమిటంటే, ఆ కెమెరా రికార్డర్ గడియారం రెండు గంటల నలభై నిమిషాలు ముందుంది. అంటే ఆ మనిషి వచ్చింది రాత్రి పదకొండున్నరకు. బిర్యానీ పార్సెల్ తెచ్చిన కుర్రాడు. ఆర్డర్ పెట్టింది మా అబ్బాయే. నిప్పు పుట్టింది రాత్రంతా స్కూటర్ చార్జింగ్‌కు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో. వాచ్‌మన్‌కు సారీ చెప్పాను, మిగిలిన జీతం ఇచ్చాం. అతను మాత్రం ఇప్పటికీ మా వీధిలోకి రాడు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

కావలసినవి

- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్.
- ఒకదాన్ని చూసి ఇంకోటి రాయని రెండు వార్తా మార్గాలు. ఒకే వాక్యం మూడు చానెళ్లలో అక్షరం మారకుండా కనిపిస్తే అవి మూడు కావు, ఒక్కటే.
- నిజనిర్ధారణ చేసేవాళ్ల పేజీలు. మన హైదరాబాద్ నుంచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ పనిచేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ విషయాలకు పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది. అది చేసేది ప్రభుత్వమే అన్న సంగతి మాత్రం గుర్తుంచుకుని చదవండి.
- మొదటి ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పెట్టగల ఓపిక. అన్నిటికంటే కష్టంగా దొరికేది ఇదే.

1. ముందు ప్రాణం సంగతి చూడండి

ఆగమన్నాను కదా అని అన్నిటికీ ఆగకండి. గ్యాస్ వాసన, మంట, రోడ్డు మూసేశారన్న కబురు, ఫలానా ఆస్పత్రిలో రక్తం కావాలన్న కబురు వస్తే వెంటనే కదలాలి. 112కు ఫోన్ చేయండి, పక్కింటి తలుపు కొట్టండి. ఆగాల్సింది ఒక్క దాని దగ్గరే: అది చేసినవాడి మనసులో ఏముందో చెప్పే వాక్యం దగ్గర.

2. మూడు గళ్లు గీయండి

నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎందుకు చేశారు. వార్తలో ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక గడిలో వేయండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ చేసి చూడండి. మొదటి రోజు మొదటి గడిలో నాలుగు ముక్కలు, రెండో గడిలో సగం ముక్క ఉంటాయి. మూడో గడి మాత్రం నిండిపోయి ఉంటుంది.

ఒక ఉదాహరణ. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద తగలబడింది. బస్సులో 19 మంది చనిపోయారు. పొద్దున్నే వచ్చిన కథ: బస్సు వెనుక నుంచి బైకును గుద్దింది, మంటలు లేచాయి. వెంటనే మూడో గడి నిండింది. డ్రైవర్ నిద్రపోయాడు, తాగాడు, స్పీడు పిచ్చి, జనం ప్రాణాలంటే లెక్కలేదు. తర్వాత బైకు మీద వెనుక కూర్చున్న మనిషి బతికే ఉన్నాడని తెలిసింది. అతను చెప్పిన దాన్ని బట్టి పోలీసులు చెప్పిన కథ వేరు. బస్సు రాకముందే బైకు జారి డివైడర్‌ను కొట్టుకుంది. నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. వెనకతను అతన్ని పక్కకు లాగుతున్నప్పుడు రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదికి బస్సు వచ్చింది, దాన్ని ఈడ్చుకుపోయింది. డ్రైవర్ తప్పేమీ లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు, అది వేరే లెక్క. కానీ పొద్దున రాసిన ‘ఎందుకు’ పునాది లేకుండా పోయింది, ఎందుకంటే దాని కింద ఉన్న ‘ఎలా’ మారిపోయింది.

గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఇదే. రెండో గడి గట్టిపడే దాకా మూడో గడిలో పెన్నుతో రాయకండి, పెన్సిల్‌తో రాయండి.

ఒక్కోసారి ‘ఏం జరిగింది’ ఖాయంగా తెలిసినా ‘ఎందుకు’ తెలియదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలింది, సరిగ్గా నెలకు ప్రాథమిక నివేదిక వచ్చింది. రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆగిపోయే స్థానానికి మారాయని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, నేను ఆపలేదని ఇంకొకరు అనడం కూడా ఉంది. అడిగింది ఎవరో, జవాబిచ్చింది ఎవరో లేదు. స్విచ్‌లు ఎందుకు మారాయో అసలే లేదు. ఆ సాయంత్రానికి మా గ్రూపులో ఒకాయన పైలట్ కుటుంబ సమస్యల దాకా వెళ్లిపోయాడు. చనిపోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా.

3. వాక్యం తోక పట్టుకోండి

తెలుగు వార్తకు విషయం మొదట్లో ఉంటుంది, బాధ్యత చివర్లో ఉంటుంది. అందుకే చివరి మాట చదవండి. డెస్క్‌లో మేం ఆ మాటలు ఎలా వాడతామో చెబుతాను.

- ‘తెలుస్తోంది’: ఎవరికి తెలుస్తోందో మాకూ తెలియదు.
- ‘సమాచారం’: స్ట్రింగర్ (ఊళ్లో ఉండి వార్తలు పంపే పార్ట్‌టైం విలేకరి) ఫోన్లో చెప్పాడు, ఇంకెవరినీ అడగలేదు.
- ‘అనుమానిస్తున్నారు’: ఎవరు? పేరుంటే పనికొస్తుంది. లేకపోతే అనుమానం రాసినవాడిదే.
- ‘ప్రాథమికంగా నిర్ధారించారు’: ప్రాథమికమైతే నిర్ధారణ ఎలా అవుతుందని మా పాత డెస్క్ ఇన్‌చార్జి కొట్టేసేవారు. ఆయన రిటైరయ్యాక మళ్లీ మొదలైంది.
- ‘కలకలం’: చెప్పడానికి ఏమీ లేదు, కానీ హెడ్డింగ్ కావాలి.
- హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం: ‘అన్నే చంపించాడా?’ అంటే లీగల్ నోటీసుల వానలో తడవకుండా పట్టుకున్న గొడుగు. అలాంటి హెడ్డింగ్ చూస్తే ‘ఏమో, మాకూ తెలియదు’ అని జవాబు చెప్పుకుని ముందుకు వెళ్లండి.

వీటన్నిటికంటే మంచి పరికరం మన నోట్లోనే ఉంది. ‘ట’. “వాడే తగలబెట్టాడట.” ఈ ఒక్క అక్షరంతో ‘నేను చూడలేదు, విన్నాను’ అని ఒప్పుకున్నట్టే. మాట చేతులు మారేటప్పుడు మొదట రాలిపోయేది కూడా ఇదే. పక్కింటి అంకుల్ ‘తగలబెట్టాడట’ అంటారు, ఆయన దగ్గర విన్నవాళ్లు ‘తగలబెట్టాడంట, సీసీ కెమెరాలో ఉంది’ అంటారు, మూడో మనిషి ‘తగలబెట్టాడు’ అని టైప్ చేస్తాడు. కాబట్టి ఫార్వర్డ్ వచ్చిన ప్రతి వాక్యానికీ మీరే మళ్లీ ‘ట’ తగిలించి చదవండి. చూసినవాళ్లు గానీ, పేరు పెట్టి బాధ్యత తీసుకునే అధికారి గానీ, కాగితం గానీ వచ్చేదాకా ఆ ‘ట’ తీయకండి.

4. చెప్పింది ఎవరు, వాళ్లకెలా తెలుసు?

సాక్షికి ‘ఏం జరిగింది’ తెలుస్తుంది. ఫోరెన్సిక్ వాళ్లకు ‘ఎలా’ తెలుస్తుంది. మనకు రెడ్‌హిల్స్‌లో ఉన్న ల్యాబ్ నుంచి రిపోర్టు రావడానికి టైం పడుతుంది. ‘ఎందుకు’ గురించి మొదటి రోజు టీవీలో మాట్లాడేవాళ్లలో చాలామంది ఈ రెండూ కారు, స్టూడియోలో కూర్చున్నవాళ్లు.

సంఖ్యల విషయంలో కూడా ఇదే. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలినప్పుడు చాలా చానెళ్లు రియాక్టర్ పేలిందన్నాయి. అది రియాక్టర్ పేలుడు కాదని కంపెనీ తర్వాత చెప్పింది. మృతుల సంఖ్య రోజుల తరబడి పెరుగుతూ పోయింది. చివరికి 46 మంది, ఆచూకీ దొరకని 8 మంది. ‘రోజుకో లెక్క చెబుతున్నారు, దాస్తున్నారు’ అని అప్పట్లో మెసేజ్‌లు తిరిగాయి. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చినచోట లెక్క మెల్లగానే తేలుతుంది.

హెచ్చరిక: ‘అధికారికంగా చెప్పారు’ అంటే ‘నిజం’ అని కాదు. అధికారులు చెప్పిందీ ఒక కథనమే. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపితే ఎదురుకాల్పులు జరిపామని పోలీసులు చెప్పారు. అక్కడికి వెళ్లి పూలు చల్లినవాళ్లున్నారు. మా డెస్క్‌లో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మేలా లేదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అది తేల్చింది. ఆ తర్వాత విషయం హైకోర్టుకు వెళ్లింది.

5. ‘నేరం ఒప్పుకున్నాడు’ అని కనిపిస్తే కాగితాల మెట్లు లెక్కపెట్టండి

పాఠకులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 చెప్పేది ఇదే, పాత చట్టంలోనూ ఉండేది. అతను చెప్పిన దాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకే లెక్క. మరి ‘విచారణలో నేరం అంగీకరించిన నిందితుడు, డబ్బు కోసమే’ అనే హెడ్డింగ్‌లో ఏముంది? నిందితుడు చెప్పాడని పోలీసులు చెప్పారని రిపోర్టర్ చెప్పింది. మూడు ‘ట’లు ఉండాల్సిన వాక్యం అది.

మెట్లు ఇలా ఉంటాయి:

- ఎఫ్‌ఐఆర్. ఫిర్యాదు చేసినవాళ్లు చెప్పింది రాసుకోవడం. దర్యాప్తు ఇక్కడ మొదలవుతుంది, ముగియదు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఆన్‌లైన్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దొరికితే చదవండి. టీవీలో వచ్చినదాంట్లో సగం అందులో ఉండదు.
- రిమాండ్ రిపోర్టు. పోలీసులు కోర్టుకు చెప్పుకునే కారణాలు. ‘కక్ష’, ‘వివాహేతర సంబంధం’ లాంటి మాటలు పత్రికలకు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.
- చార్జిషీటు. నిందితుడు జైల్లో ఉంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో వేయాలి, లేకపోతే అతనికి బెయిల్ హక్కు వస్తుంది. పోలీసుల పూర్తి వాదన చూడాలంటే ఇదే మొదటి చోటు.
- తీర్పు. దాని మీద అప్పీలు.

‘ఎంతసేపు ఆగాలి’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఘటనను బట్టి రెండు తేదీలు రాసి పెట్టుకోండి. నేరమైతే వారం, మూడు నెలలు. విమాన ప్రమాదమైతే అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రాథమిక నివేదికకు 30 రోజులు, తుది నివేదికకు ఏడాది లక్ష్యం. రైలు ప్రమాదమైతే రైల్వే సేఫ్టీ కమిషనర్ నివేదిక వచ్చేదాకా.

కొన్నిటికి ఎంత ఆగినా తేలదు, అదీ చెప్పాలి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. మొదట పాతబస్తీ యువకులను పట్టుకున్నారు, వాళ్లు తర్వాత నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు వేరే దారి పట్టి వేరేవాళ్ల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్‌లో కోర్టు వాళ్లనూ వదిలేసింది. పదకొండేళ్లలో ‘ఎవరు’ అన్నదే తేలలేదు. పేలిన వారంలో మాత్రం ‘ఎందుకు’ తెలియనివాడు నగరంలో లేడు.

6. పేర్లు మార్చి చదవండి

వార్తలో ఉన్న మతం, కులం, ఊరు, పార్టీ పేరు తీసేసి మీకు దగ్గరైన పేరు పెట్టి మళ్లీ చదవండి. అప్పుడు కూడా ‘కావాలనే చేశాడు’ అనే అనిపిస్తోందా? ‘పాపం, ఏమైందో’ అనిపిస్తే, ఇందాక మీరు తూచింది సాక్ష్యాన్ని కాదు, పేరును.

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం గుర్తుంది కదా, మన తెలుగువాళ్లు ఎంతోమంది ఎక్కే బండి. ఆ రోజు శుక్రవారం. పైనుంచి తీసిన ఒక ఫొటోలో పట్టాల పక్కన తెల్లటి కట్టడం కనిపించింది. మసీదు అన్నారు, కుట్ర అన్నారు, ఒక మతం పేరున్న స్టేషన్ మాస్టర్ పారిపోయాడన్నారు. ఆ కట్టడం ఇస్కాన్ గుడి. స్టేషన్ మాస్టర్ పేరు కథ కట్టుకథ. రైల్వే సేఫ్టీ విచారణలో తేలింది సిగ్నల్ సర్క్యూట్ పనుల్లో లోపాలు. లెవెల్ క్రాసింగ్ గేటు పని చేస్తూ వైర్ల దగ్గర చేసిన తప్పు. తర్వాత సీబీఐ ముగ్గురు రైల్వే ఉద్యోగులను అరెస్టు చేసింది.

7. వీడియో అయితే

స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి, పాతదైతే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. షాపు బోర్డుల భాష, బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. వీడియో ఎక్కడ మొదలైందో చూడండి. కొట్టడం దగ్గర మొదలైన వీడియోకు ముందు అర నిమిషం ఏం జరిగిందో మీకు తెలియదు. సీసీ కెమెరా ఫుటేజీ అయితే, తార్నాక నుంచి చెబుతున్నాను, గడియారం సరిచూడండి.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు’ అని ఉంటే అక్కడే ఆగిపోండి. 2018 మేలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారుతో కొట్టి చంపారు. దేశంలో అలాంటివి వరసగా జరిగాకే, ఆ జూలైలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది.

8. గ్రూపులో ఏం రాయాలి

మౌనంగా ఉండాల్సిన పనిలేదు. తెలిసింది, తెలియంది విడదీసి రాయండి:

“సెల్లార్‌లో మంట, ఆర్పేశారు. ఎవరికీ ఏం కాలేదు. కారణం ఇంకా తెలియదు. లిఫ్ట్ వాడకండి.”

పెద్దవాళ్లు పంపితే గ్రూపులో కాదు, విడిగా. “బాబాయ్, మీరు పంపిన వీడియో చూశాను. ఎక్కడిదో, ఎప్పటిదో అందులో లేదు. మీకెవరు పంపారు?” ఈ చివరి ప్రశ్న బాగా పనిచేస్తుంది. ఆయన ఇంకొకరిని అడుగుతారు, వాళ్లు ఇంకొకరిని. గ్రూపులో అందరి ముందు ఫేక్ అని అంటే మాత్రం ఆయన పరువు కోసం దాన్నే పట్టుకుని కూర్చుంటారు. పెళ్లిళ్లలో మాట్లాడుకోవాలి కదా, ఆలోచించండి.

ఇప్పటికే రాసేశారా? వాట్సాప్‌లో రెండు రోజులకు కాస్త పైన దాకా అందరికీ డిలీట్ చేసే వీలుంది. ఊరికే డిలీట్ చేస్తే మాత్రం చదివినవాళ్లకు తెలిసింది అలాగే ఉండిపోతుంది. “నిన్న నేను రాసింది తప్పు, కారణం తేలలేదు” అని అదే గ్రూపులో, అదే గట్టి గొంతుతో రాయండి.

హెచ్చరిక: పుకారుతో జనాన్ని రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353, వర్గాల మధ్య ద్వేషం పెంచితే 196 ఉన్నాయి. లైంగిక దాడి బాధితుల పేరు, ఫొటో బయటపెట్టడం సెక్షన్ 72 కింద నేరం. సానుభూతితో పెట్టినా నేరమే.

తరచూ చేసే తప్పులు

*ఆగడమంటే ప్రశ్నించకపోవడం అనుకోవడం.* ఇది పెద్ద తప్పు. ఫ్యాక్టరీకి అనుమతి ఉందా, బస్సుకు ఎమర్జెన్సీ తలుపు పనిచేసిందా, ఫైరింజన్ ఎప్పుడు వచ్చింది? ఇవన్నీ మొదటి గంటలోనే అడగొచ్చు, అడగాలి. ఇవి ‘ఏం’, ‘ఎలా’ ప్రశ్నలు. ‘దర్యాప్తు జరుగుతోంది, మాట్లాడకండి’ అని పెద్దవాళ్లు అనేది కూడా ఒక్కోసారి ఈ ప్రశ్నలు తప్పించుకోవడానికే.

*నష్టాన్ని బట్టి ఉద్దేశం కొలవడం.* ఎంత ఎక్కువమంది చనిపోతే అంత పెద్ద కుట్ర ఉండాలనిపిస్తుంది. ఒక వదులు వైరుకు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఏ ఉద్దేశమూ ఉండదు.

*మనవాళ్లకు పరిస్థితి, పరాయివాళ్లకు బుద్ధి.* మనవాడు సిగ్నల్ జంప్ చేస్తే ఆస్పత్రికి వెళ్తున్నాడు, పక్కవాడు చేస్తే పొగరు. ఆరో మెట్టు దీనికోసమే.

*ఆగి ఆగి మర్చిపోవడం.* దీనికి మందు కిందే ఉంది.

సరిగ్గా చేశామా లేదా చూసుకోవడం

నోట్‌బుక్‌లో పెట్టుకున్న రెండు తేదీలకు ఫోన్లో రిమైండర్ పెట్టండి. ఆ రోజు మూడు గళ్లూ తీసి, తప్పని తేలినవి కొట్టేయండి, అలాగే ఉన్నవాటికి టిక్ పెట్టండి. నాలుగైదు ఘటనలకు ఇలా చేస్తే మీ బలహీనత ఏ గడిలో ఉందో మీకే కనిపిస్తుంది. నా నోట్‌బుక్‌లో మొదటి గడి దాదాపు శుభ్రంగా ఉంటుంది, మూడో గడి కొట్టివేతలతో నల్లగా ఉంటుంది. మా ఆవిడకు రెండో గడిలో దెబ్బలు, ‘షార్ట్ సర్క్యూటే’ అని ముందే తేల్చేస్తుంది.

రాయడం బద్ధకమైతే మీకు మీరే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టుకోండి: “ఇవాళ నాకు ఇలా అనిపిస్తోంది, కారణం ఇది.” నెల తర్వాత వినండి. మీ గొంతులో అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థం కాదు.

ఇంకో చిన్న పని. మీ బిల్డింగ్ కెమెరా రికార్డర్ గడియారం, మీ ఫోన్ టైం సరిపోతున్నాయో లేదో ఈ రోజే చూడండి. మాది మొన్న చూస్తే మళ్లీ పన్నెండు నిమిషాలు ముందుంది.